తలుపులు బిగించి ఉంచే వెల్డింగు చేయండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలి, సమయం లేదు, మన్నించండి. ఉగాది సభలో పాత కార్లకు ఇరవై నిమిషాలు ఇవ్వడమే గొప్ప సంగతి. ఇంగ్లండులో ఇంటి గ్యారేజీలో ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు పెట్టుకున్న మనవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, కొనాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ ఒక్క కారు గురించే మాట్లాడతాను.

1962 నుంచి 1980 అక్టోబరు దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఊళ్లో 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. విడిభాగాలకు కొదవ లేదు. ఇంజను సంగతి, కార్బరేటర్ల సంగతి, ఆ తర్వాత మన అభిరుచికి తగ్గ మార్పులు, ఈ వరసలో చెబుదామనే వచ్చాను. వాటికంటే ముందు ఒకటి చెప్పి తీరాలి.

ఇక్కడ 40 ఏళ్లు దాటిన కారుకు, పెద్ద మార్పులేవీ చేయకపోతే, 2018 మే నుంచి ఎంఓటీ, అంటే కారు రోడ్డు మీద నడపదగ్గదేనా అని ఏటా చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. చాలామంది సంతోషించారు. నాకు మాత్రం ఇది మంచిదనిపించలేదు. ఏడాదికి ఒక్కసారైనా తెలిసిన మనిషి కారు కిందికి వెళ్లి లైటు వేసి చూసేది ఆ పరీక్షలోనే. సీటు బెల్టు, సస్పెన్షన్, స్టీరింగు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకు పుచ్చిపోతే కారు పరీక్షలో ఫెయిలయ్యేది. ఇప్పుడు అలా చూసేవాళ్లు లేరు. పుట్టీ పెట్టి, రంగు కొట్టి, క్రోమ్ తళతళలాడించి అమ్మేస్తున్నారు.

ఎంజీబీకి విడిగా ఛాసీ, అంటే బరువు మోసే చట్రం, లేదు. రోడ్‌స్టర్‌కైతే పైకప్పు కూడా లేదు. మూత తీసిన అట్టపెట్టెలా నడుము దగ్గర వంగిపోకుండా దాన్ని నిలబెట్టేవి తలుపుల కింది రెండు సిల్లులు, మధ్యలో టన్నెల్, అంటే సీట్ల మధ్య ఉబ్బెత్తుగా పోయే రేకు. సిల్ అంటే బయటికి కనబడే ఒక్క రేకే అనుకోకండి. బయటి సిల్, లోపలి సిల్, రెంటి మధ్య నిలువు రేకు, అడుగున కాజిల్ రైల్ అనే పొడుగాటి రేకు కలిస్తేనే అది పెట్టెలా గట్టిపడుతుంది. ముందు చక్రం చిమ్మిన బురద మడ్‌గార్డు వెనక మూలలో పేరుకుంటుంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ బురదలో ఉంటుంది, తడి ఆరనివ్వదు. సిల్ ముందు కొస లోపలి నుంచి పుచ్చిపోతుంది. బయటికి కనబడేది రంగు మీద చిన్న బొబ్బ, అంతే.

కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టదు. తలుపు వెనక అంచు దగ్గర సందు చూడండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుము కుంగిందని అనుమానించండి. పుచ్చిన సిల్ మీద కొత్త రేకు కప్పి అంచుల్లో వెల్డింగు చేసే పని కూడా ఉంది. దాన్ని టింకరింగ్ అనను, మోసం అంటాను. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, బలం రాదు, వచ్చే యజమాని రెండు రేకులూ కోయాలి. దయచేసి ఆ పని చేయకండి, చేయించకండి.

ఇంట్లో చేసేవారు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. వెనక వరుసకు వినబడుతోందా? తలుపులు బిగించి ఉంచే వెల్డింగు చేయాలి. తలుపులు విప్పి మూలన పెట్టి, సిల్లులు కోసి, కొత్తవి వేసి, రంగు కూడా కొట్టాక తలుపు పెడితే మూసుకోదు. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు, మళ్లీ కోయడమే.

కారును చదునైన నేల మీద నిలపాలి. స్టాండ్లు నడుము కింద పెట్టకూడదు. ముందు క్రాస్‌మెంబర్, అంటే ముందు సస్పెన్షన్ బిగించే అడ్డ దూలం కింద, వెనక స్ప్రింగు బిగించే చోట్ల పెడితే బరువు చక్రాల మీద ఉన్నట్టే పడుతుంది. తలుపు చుట్టూ సందు నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి, మరతో పొడవు సరిచేసుకునే ఇనుప కడ్డీ బిగించండి. కుంగిన కారైతే కోయడానికి ముందే ఆ మర తిప్పి సందు సరిచేయాలి. బ్యాటరీ తీసేయండి, ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీయండి. అడుగున పోయే పెట్రోలు పైపు, బ్రేకు పైపు, బ్యాటరీ కేబుల్ పక్కకు తప్పించండి. తివాచీ, సీట్లు బయట పెట్టండి, నిప్పు ఆర్పే సిలిండరు చేతికందేలా ఉంచండి.

ఒక పక్క పూర్తిగా ముగించాకే రెండో పక్క ముట్టుకోవాలి. మడ్‌గార్డు బోల్టులతోనే ఉంటుంది, విప్పితే సిల్ కొస కనబడుతుంది. అతికే అంచుల్లో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, జింక్ ప్రైమర్ పూసి, 0.6 మిల్లీమీటర్ల తీగ ఉన్న మిగ్ వెల్డింగు యంత్రంతో ఆ రంధ్రాలు నింపండి. ఒకేచోట వరసగా లాగితే రేకు వేడికి మెలి తిరుగుతుంది, అక్కడొకటి ఇక్కడొకటి వేస్తూ చల్లారనివ్వండి. ముందు చుక్కలతోనే నిలపండి, మడ్‌గార్డు పెట్టి, తలుపు మూసి, రాసుకున్న కొలతలతో పోల్చి చూశాకే పూర్తి వెల్డింగు. తుప్పు పట్టకుండా సిల్ లోపల కొట్టే మైనం పిచికారీ రంగు కూడా అయ్యాక చేయాలి. ముందే కొడితే వెల్డింగు వేడికి అంటుకుంటుంది.

సమయం అయిపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. కార్బరేటర్ల మాట త్వరగా ముగిస్తాను. రెండు ఎస్‌యూ కార్బరేటర్లు ముట్టుకునే ముందు వాల్వు క్లియరెన్సు, స్పార్కు ఇచ్చే పాయింట్ల గ్యాప్, టైమింగు సరిచేయండి. పాయింట్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఇంజను వేడెక్కాక కార్బరేటర్‌లోని పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు పైకెత్తండి. వేగం పెరిగి అలాగే నిలిచిపోతే పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగబోతే తక్కువ, కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినది, అయింది. పాత రబ్బరు గొట్టాలు దానికి పగులుతాయి, ఆర్9 రకం గొట్టాలు వేయండి.

మార్పులంటారా, రబ్బరు బంపర్ కారును కిందికి దించాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్ల బదులు రబ్బరు బంపర్లు పెట్టి కారు ఎత్తు పెంచారు. ముందు వైపు పొట్టి స్ప్రింగులు మాత్రమే వేస్తే స్టీరింగు కొలతలు చెడతాయి, గతుకుల్లో చక్రం తనంతట తానే పక్కకు లాగుతుంది. క్రోమ్ బంపర్ కారు క్రాస్‌మెంబర్ తెచ్చి వేయడమే సరైన దారి. ఇంజను శక్తి పెంచేవారు బ్రేకు గొట్టాలు ముందు మార్చాలి. పాతవి లోపలివైపు ఉబ్బి, పెడల్ వదిలినా బ్రేకు పట్టేసే ఉంచుతాయి.

ఆఖరి విన్నపం. తప్పనిసరి కాకపోయినా ఏటా ఎంఓటీ చేయించండి. ఫీజు 54.85 పౌండ్లకు మించదు. పరీక్ష లేదు కదా అని ప్రమాదకరమైన స్థితిలో నడిపితే జరిమానా 2,500 పౌండ్ల దాకా, పైగా లైసెన్సు మీద 3 పాయింట్లు. పరీక్ష చేసేవాళ్లు మన కారులో ఏదీ విప్పరు. వెళ్లేముందు తివాచీలు మీరే తీసేయండి, తలుపు దగ్గరి అలంకారపు పట్టీలు విప్పండి, మడ్‌గార్డు వెనక బురద నీళ్లతో కడగండి. సిల్ కొసలు చూడమని నోటితో అడగండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.