మిర్యాలగూడ అరుగు మీద ఇథనాల్ ముచ్చట

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఒమాహా నుంచి మిర్యాలగూడ వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు, నిద్ర ఇంకా సెట్ కాలేదు, మూడింటికే మెలకువ వస్తోంది. ఈరోజు పట్టుచీరల వీడియో పెడదామనుకున్నాను కానీ, నిన్న సాయంత్రం చిన్నాయన వాళ్ల అరుగు మీద నడిచిన మాటలు తల్లోంచి పోవట్లేదు, అందుకే ముందు అది చెప్తాను.

చిన్నాయన, మా బావ, రైస్ మిల్లులో గుమస్తాగా చేసే పెద్దాయన, ఇంకో ఇద్దరు కలిసి ఒక బయోఫ్యూయల్ కంపెనీ షేర్లు కొన్నారు. ఒక్కొక్కరికి రెండు మూడు వందల షేర్లు, అంతే. ఆ కంపెనీ దక్షిణ తెలంగాణలో, పెట్రోల్లో కలిపే ఇథనాల్ తయారుచేసే ప్లాంటు కడతామంది, ఏ ఊళ్లోనో చెప్పలేదు. ఇంకేముంది, రోజూ ఆరింటికి చాయ్ గ్లాసులు పట్టుకుని అదే పంచాయితీ.

చిన్నాయన రిటైరైన లెక్కల సారు. పాత నోటుబుక్కు చివరి పేజీలో ఎర్ర పెన్నుతో మ్యాపు గీశాడు, కృష్ణా నది, జూరాల, సాగర్ ఎడమ కాల్వ, 44వ నంబరు జాతీయ రహదారి, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు అన్నీ ఉన్నాయి అందులో. మూడు సున్నాలు చుట్టాడు, మిర్యాలగూడ, కొత్తకోట, మక్తల్. మిర్యాలగూడ చుట్టూ ఉన్న సున్నా పేపరు చిరిగేంత గట్టిగా ఉంది, ఎన్నిసార్లు దిద్దాడో మరి.

గుమస్తా పెద్దాయన జేబులోంచి పొట్లం తీసి నా అరచేతిలో నూకలు పోశాడు. విరిగిన గింజలు, మధ్యలో అక్కడక్కడా రంగు మారినవి, చేయి దులిపినా తెల్లటి పిండి గీతల్లో అంటుకునే ఉంది. "గిదే బిడ్డా పెట్రోలు. నూకలు యాడుంటే ఫ్యాక్టరీ ఆడనే" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. టన్ను నూకల నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది, రోజుకు రెండు లక్షల లీటర్ల ప్లాంటు అనుకుంటే 440 టన్నుల పైనే కావాలి, 25 టన్నుల లారీలు 18 రోజూ గేటు ముందు ఆగాలి. ఇన్ని మిల్లులున్న మిర్యాలగూడలో నూకలకేం కొదవ, బాయిలర్‌లోకి ఊక కూడా ఇక్కడే దొరుకుతుంది.

బావ ఒప్పుకోడు. "బియ్యం మీద నమ్మకం పెట్టుకుంటే అయితదా? 2023 జులైలో ఇథనాల్ ప్లాంట్లకు ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం బంద్ పెట్టిండ్రు, మళ్ల ఇచ్చింది 2024లనే గదా" అని లేచాడు. అది కూడా నిజమే. ఆ దెబ్బకే చాలా ప్లాంట్లు మక్కల వైపు తిరిగాయి, 2024 జనవరిలో మక్కల ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలిచ్చే రేటు లీటరుకు 71 రూపాయల 86 పైసలకు పెంచారు. మక్కలు కావాలంటే పాలమూరు వైపు పోవాలి, 44 రోడ్డు మీద ట్యాంకర్లు నేరుగా హైదరాబాద్ డిపోలకు పోతాయి, కాబట్టి కొత్తకోటే అంటాడు.

నేను వింటూ కూర్చున్నాను, ఎందుకంటే ఈ విషయం నాకు కొత్త కాదు. నెబ్రాస్కాలో మక్కచేన్లు ఎటు చూసినా ఉంటాయి, మేము వీకెండ్ పోయే దారిలో ఇథనాల్ ప్లాంటు ఒకటి ఉంది, కారు అద్దం దించితే పొంగిన ఇడ్లీ పిండి వాసన కారంతా నిండుతుంది. అక్కడ చాలా ప్లాంట్లలో చుట్టుపక్కల రైతులే వాటాదారులు. మక్కలు వాళ్లవే, లాభం వాళ్లదే, వాసన భరించేదీ వాళ్లే. అది చూసిన కళ్లతో ఈ మ్యాపు చూస్తే నాకు ఒకటే లోటు కనిపించింది, అందులో ఊళ్లున్నాయి గానీ ఊళ్లో మనుషులు లేరు.

"చిన్నాయనా, నీళ్లు ఎక్కడివి రాశావా?" అన్నాను. నీళ్లు ఎంత తిప్పి వాడినా లీటరు ఇథనాల్‌కు మూడు నాలుగు లీటర్ల కొత్త నీళ్లు పోతాయి. అంటే ఆ సైజు ప్లాంటుకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది లక్షల లీటర్లు. బోర్ల మీద బతికే ఊళ్లో ఆ మాట వింటే ఎవరికైనా గుండె గుభేల్మనదా? నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద మొదలైన గొడవ 2023 అక్టోబరులో పోలీసులతో ఘర్షణ దాకా పోయింది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో రైతులు రోడ్డెక్కితే పనులు ఆగిపోయాయి. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో అదే మంట. పెట్రోల్లో కలిపే ఇథనాల్ కోసమే కట్టే ధాన్యం ప్లాంట్లను పర్యావరణ అనుమతుల్లో బి2 అనే కేటగిరీలో పెట్టారు, దాంతో ప్రజాభిప్రాయ సేకరణ సభ లేకుండానే పర్యావరణ అనుమతి వస్తుంది. ఊరినడగకుండా కడితే ఊరు అడ్డం పడుతుంది, అప్పుడు చిన్నాయన మూడు వందల షేర్ల సంగతేంటి? నాకు ఆ ఊళ్ల మీద ఎంత బాధ ఉందో మావాళ్ల డబ్బుల మీదా అంతే ఉంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. బావ కొత్తకోట దగ్గర రెండెకరాలకు లక్ష రూపాయలు బయానా ఇచ్చాడట, అక్కకు కూడా చెప్పలేదు. ప్లాంటు వస్తే ధర మూడింతలవుతుందని ఎవరో అన్నారట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదండీ. షేరంటే రేపు అమ్ముకోవచ్చు, భూమి అట్లా కాదు కదా. ఫోన్ తీసి చూపించాను, లిస్టయిన కంపెనీ పెద్ద నిర్ణయం తీసుకుంటే స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పి తీరాలి, పర్యావరణ అనుమతికి దరఖాస్తు పెట్టుకుంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో ఊరి పేరుతో సహా కనిపిస్తుంది. అరగంట వెతికాం. ఈ కంపెనీ పేరు మీద మ్యాపులోని ఆ మూడు ఊళ్లున్న జిల్లాల్లో మాకేమీ కనిపించలేదు. బావ చాయ్ ముట్టుకోలేదు, గ్లాసు మీద మీగడ కట్టింది.

చిన్నాయన మాత్రం పెన్ను తీసి పేజీ పక్కన కొత్త గీత గీసి పైన "నీళ్లు" అని రాశాడు, దాని కింద ఏమీ రాయలేదు. ఆదివారం అందరం చిత్తనూరు పోతున్నాం, అక్కడి బోర్ల నీళ్లు, చేన్లు చూసి, రైతులను అడిగి వద్దామని. బావే కారు తీస్తానన్నాడు, దారిలో కొత్తకోటలో ఆగి బయానా కాగితం గురించి కూడా మాట్లాడతాడట. అక్క కూడా వస్తోంది.