కుందేళ్ల సెంటర్‌కి కావాల్సింది క్యారెట్లు కాదు

[ప్రకాశం బ్యారేజీ మీద, వెనక గేట్లు కనబడేలా]

నమస్తే అండి. “మా కుందేలుని రెస్క్యూ సెంటర్‌లో ఇచ్చేశాం, ఇక వాళ్లే చూసుకుంటారు.” ఇటు విజయవాడలోనూ అటు గుంటూరులోనూ ఈ మాట వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ మనసుకి కష్టంగా ఉంటుంది. అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. సెంటర్‌లో ఎన్ని కుందేళ్లకైనా చోటుంటుందని నిజంగానే నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎక్కడ తప్పో చెప్పడానికే ఇక్కడికి వచ్చి నిలబడ్డాను.

ఈ బ్యారేజీ నిండుగా కనబడుతుంది కాబట్టి ఇందులో బోలెడు నీళ్లు దాస్తారనుకుంటాం. దీని నిల్వ 3 టీఎంసీల పైచిలుకు, అంతే. ఎగువన పులిచింతలకి 45 టీఎంసీలు పడతాయి. కృష్ణలో వచ్చిన నీటిని కాలవల్లోకి మళ్లించడం, మిగిలింది గేట్లు ఎత్తి కిందికి వదిలేయడం, 1957 నుంచీ ఈ బ్యారేజీ పని అదే. 2024 సెప్టెంబర్ వరద మనం మర్చిపోలేం. 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. అంత వరదకి 70 గేట్లూ మూసి ఉంచితే, ఖాళీ బ్యారేజీ కూడా ముప్పావు గంటలో నిండిపోతుంది. కాగితం మీద లెక్క వేసి చూడండి.

కుందేళ్ల సెంటర్ కూడా ఇలాంటి బ్యారేజీయే. దానికి నిల్వ తక్కువ. వచ్చినవి వచ్చినట్టు మంచి ఇళ్లకి వెళ్లిపోతుంటేనే అది నడుస్తుంది. దత్తతలు దాని గేట్లు. గేట్లు దిగిపోయాయంటే ఎంత మంచివాళ్లు నడుపుతున్నా మునిగిపోతుంది.

“ఒక గదిలో పది ఉన్నచోట ఇంకో ఐదు సర్దుకోవా?” అని అడుగుతారు. సర్దుకోవండి. కుందేలు మెత్తగా కనబడుతుంది గానీ తన చోటు విషయంలో చాలా పట్టుదల గలది. ఆపరేషన్ కాని మగవి రెండిటిని ఒకచోట వేస్తే చర్మం చీలేలా కరుచుకుంటాయి. కొత్తగా వచ్చినదాన్ని జబ్బులేమీ లేవని తేలేదాకా విడిగా పెట్టాలి. కాబట్టి ఒక్కో కుందేలుకి ఒక్కో అర కావాలి. అరలన్నీ నిండితే తరవాత వచ్చినదానికి చోటు లేదని చెప్పక తప్పదు.

మరి పైనుంచి ఇంత వరద ఎందుకొస్తోంది? వేసవి సెలవల్లో పిల్లలు అడిగారని ఒక జత కొంటారు. షాపువాళ్లు రెండూ ఆడవే అంటారు. అంత చిన్న వయసులో ఆడ, మగ తేడా పట్టుకోవడం అలవాటున్నవాళ్లకే కష్టం. నాలుగైదు నెలలకి ఈడుకొస్తాయి. కడుపుతో ఉండేది నెల రోజులే, సుమారు 31 రోజులు. ఒక్క ఈతకి ఐదారు పిల్లలు మామూలు. అన్నిటికన్నా ముఖ్యం, ఈనిన రోజునే ఆడ కుందేలు మళ్లీ చూలు కట్టగలదు. ఎండాకాలంలో కొన్న జతకి దసరా నాటికి బాల్కనీ చాలదు. అప్పుడు అట్టపెట్టెలో పెట్టి సెంటర్‌కి తెస్తారు. తెచ్చిన ఆడది అప్పటికే కడుపుతో ఉంటుంది. పుస్తకంలో రెండు అని రాసుకుంటారు, నెల తిరిగేసరికి ఎనిమిది అవుతాయి.

అందుకే నా దృష్టిలో సెంటర్‌కి అన్నిటికన్నా పెద్ద సాయం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఖర్చు పెట్టుకోవడం. ఎగువన పులిచింతల దగ్గరే నీళ్లు ఆపితే బ్యారేజీ మీద ఒత్తిడి ఉండదు కదా, అలాగే. ఆడ కుందేళ్లకి ఇంకో మేలు కూడా ఉంది. ఆపరేషన్ చేయించకపోతే నాలుగైదేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. కుందేలు పదేళ్లు బతికే జీవి. మధ్యలోనే పోవాల్సిన ఖర్మ దానికెందుకు?

[స్క్రీన్ మీద: కుందేలు పళ్ల దగ్గరి చిత్రం]

ఇప్పుడు క్యారెట్ల సంగతి. ఈ ఫోటో చూడండి. ఈ తెల్ల కుందేలు కింది పళ్లు రెండూ పెదవి దాటి బయటికి వచ్చాయి. పై పళ్లు లోపలికి వంగి అంగిట్లో గుచ్చుకున్నాయి. గడ్డం కింద బొచ్చు ఎప్పుడూ చొంగతో తడిసి ఊడిపోయింది. పాదాల అడుగున చూస్తే ఎర్రగా పుండ్లు, వైరు మెష్ పంజరంలో ఉంచడం వల్ల. మేం గడ్డి పెడితే నోటితో అందుకుంది. కొరకలేక వదిలేసింది. మళ్లీ అందుకుంది. ఆకలి లేక కాదు, పళ్లు కలవక.

దీన్ని పెంచినవాళ్లు రోజూ బిస్కెట్లు, క్యారెట్లు పెట్టారు. ప్రేమగానే పెట్టారు. కానీ కుందేలు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు ఏడాదికి పది సెంటీమీటర్లకు పైనే. గంటల తరబడి గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. దాని తిండిలో నూటికి ఎనభై పాళ్లు గడ్డే ఉండాలి. క్యారెట్‌లో తీపి ఎక్కువ, ఎప్పుడైనా ఒక ముక్క చాలు. ఇలా పెరిగిన పళ్లని డాక్టర్ మిషన్‌తో అరగదీయాలి. గోళ్లు తీసే కట్టర్‌తో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది. దయచేసి ఇంట్లో ఆ పని చేయకండి.

కాబట్టి సెంటర్‌కి వెళ్లేటప్పుడు ఏదైనా పట్టుకెళ్లాలనిపిస్తే గడ్డి పట్టుకెళ్లండి. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరిక ఉంది చూశారా, అది బంగారం. ఎక్కడ కోస్తున్నారో మాత్రం చూసుకోండి. రోడ్డు పక్కది వద్దు. గుంటూరు వైపు మిర్చి, పత్తి చేల గట్ల మీద గడ్డి అసలే వద్దు, చేలో కొట్టిన మందు దాని మీద పడుతుంది. వరిగడ్డి కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది గానీ దానిలో సత్తువ తక్కువ, దాని మీదే కుందేలు బతకలేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సెంటర్‌లో ఖాళీ లేదంటే కొందరు కొండపల్లి అడవిలోకో, ఊరి బయట తోటల్లోకో వదిలేసి, స్వేచ్ఛ ఇచ్చామంటారు. మన అడవుల్లో ఉండేది చెవులపిల్లి. అది వేరే జాతి. కళ్లు తెరుచుకుని, ఒంటి మీద బొచ్చుతోనే పుడుతుంది, పుట్టిన కాసేపటికే కదులుతుంది. పెంపుడు కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ వైపు. నేలలో బొరియలు తవ్వుకుని బతికే జాతి, కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా పుడుతుంది. పంజరంలో పెరిగిన తెల్ల కుందేలు మన పొదల్లో ఎక్కడ దాక్కుంటుంది? కుక్కలకి దొరికిపోతుంది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా.

దత్తత తీసుకోలేనివాళ్లు కాలవ అవ్వచ్చు. అంటే ఫోస్టర్. శాశ్వతంగా ఇల్లు దొరికేదాకా ఒక కుందేలుని మీ ఇంట్లో ఉంచుకోవడం. ఒక అర ఖాళీ అవుతుంది, ఇంకో కుందేలు లోపలికి వస్తుంది. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ఈ సాయం కావాలి. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఎక్కువగా చెవుల ద్వారానే ఒంట్లో వేడి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. రోహిణీకార్తెలో బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో ఉన్నదాన్ని చల్లటి గదిలోకి తీసుకెళ్తే ప్రాణం నిలబెట్టినట్టే.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

దత్తత తీసుకునేముందు ఇంటి ఓనర్‌తో మాట్లాడుకోండి, ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. తీసుకెళ్లి నెలకి వెనక్కి తెస్తే, ఆ వరదలో గేట్లకి అడ్డంపడ్డ పడవల్లాగే, వెనకవాటికి దారి మూసుకుపోతుంది. కరెంటు వైర్లు అందకుండా చూడండి. నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి. ఎత్తుకునేటప్పుడు వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టాలి, లేకపోతే గింజుకుని నడుము విరగ్గొట్టుకుంటుంది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నెల, నెలన్నర ఆడదాని దగ్గరికి పంపకండి.

రోజూ పొద్దున్నే పెంటికలు చూడండి. చిన్నవైనా, లేకపోయినా పొట్టలో అరుగుదల ఆగినట్టు. అరపూట తిండి మానేస్తే రేపు చూద్దామనుకోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. కుక్కల పిడుదులకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకి విషం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ కూడా ప్రాణం తీస్తుంది. మందుల షాపులో అడిగి వేయకండి.

డబ్బు ఇచ్చేవాళ్లు పుట్టినరోజుకి ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చేకంటే నెలనెలా కొంచెం ఇవ్వండి. గడ్డి, కరెంటు బిల్లు, డాక్టర్ ఫీజు నెలనెలా వచ్చే ఖర్చులే. వెళ్లేముందు ఫోన్ చేసి ఈ వారం ఏం తక్కువైందో అడగండి. గడ్డి తెస్తుంటే ముందురోజే కోసి, నీడలో పల్చగా ఆరబెట్టి తీసుకురండి. తడిగా సంచిలో కుక్కితే తెల్లారేసరికి వేడెక్కి బూజు పడుతుంది, దాన్ని పారేయాల్సిందే.