తల దూర్చే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం మొదట్లో ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి లారీలు బారులు తీరతాయి. ఆ రోజుల్లో వరంగల్ ఆటోనగర్‌లో టైర్ల పనికి తీరిక ఉండదు. పంక్చర్ షాపులో వంగి గాలి కొట్టే మనిషిని గమనించండి. పాత రకం లారీ చక్రంలో టైరును పట్టి ఉంచేది ఒక ఇనుప లాక్ రింగు. లారీ టైరులో గాలి 100 పీఎస్ఐ ఉందంటే, చదరపు అంగుళానికి 45 కిలోల తోపుడన్న మాట. గాడిలో తుప్పున్నా, రింగు వంకర పోయినా అది ఎగిరి తగిలేది ముఖానికో మెడకో. ఎందుకంటే సరిగ్గా కూర్చుందా లేదా అని చూస్తూ మనిషి దాని ఎదుటే ఉంటాడు. గాలి నిండుతుంటే రింగును సుత్తితో సర్దేవాళ్లూ ఉన్నారు! విప్పే ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా వదలాలి. కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, పొడుగు పైపుతో పక్కన నిలబడాలి.

జాకీ జారొచ్చన్న సంగతి అందరికీ తెలిసిందే. తెలిసీ బండి కింద స్టాండుకు బదులు ఇటుక పెడతారు. ఇటుక పగులుతుంది.

మా వీధి షాపులో ఒక పిలగాడు ఇంజన్‌లోకి వంగి ఉండగా బొనెట్ రాడ్డు జారింది. బొనెట్ నెత్తిన పడింది. "ఏం గాలేదన్నా" అని చాయ్ తాగి మళ్లీ పానా పట్టిండు. సాయంత్రానికి రెండుసార్లు కక్కుకున్నాడు, అడిగిందే అడుగుతున్నాడు. షాపులోవాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు. స్కానింగ్‌లో పుర్రె లోపల రక్తం గడ్డ కనబడింది. తలలో రక్తనాళం చిట్లితే రక్తం గంటల తరబడి మెల్లగా చేరుతుంది. అందాకా మనిషి బాగానే మాట్లాడుతాడు. వాంతులు, మగత, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లు, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనబడినా రాత్రయినా సరే ఆసుపత్రికే.

మెడకు దెబ్బయితే మనవాళ్ల మంచితనమే ముప్పు. రెక్క పట్టి లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. మెడలోని 7 ఎముకల నడుమ వెన్నుపాము ఉంది. నిప్పో, ఇంకేదో మీద పడే ప్రమాదమో లేకుంటే కదిలించకండి. తలను రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకుని 108కు ఫోన్ చేయించండి.

ఆ పిలగాడు మళ్లీ పనికి వస్తున్నాడు. రాడ్డును రెండుసార్లు గుంజి చూశాకే వంగుతున్నాడు. తొందరపెడితే, "జర ఆగు ఉస్తాద్" అంటున్నాడట.