చివరి ముక్క దగ్గర ఓడిన ఆట

సభకు నమస్కారం.

పోకర్ అనే పేకాటలో ఎలా గెలవాలో చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. సరిగ్గా ఆడి, గెలుపు ఖాయమనుకున్న సమయంలో చివరి ముక్క అడ్డం తిరగడం వల్ల ఓడిపోయిన మనిషి ఆ ఓటమిని ఎలా అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత తనను తాను ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే నా విషయం. ఆటగాళ్లు దీన్ని బ్యాడ్ బీట్ అంటారు. దీని గురించి మొరపెట్టుకునేవారు చాలామంది ఉన్నారు గానీ, కూర్చుని లెక్క చూసేవారు తక్కువ.

2003లో లాస్ వెగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలోని ఒక ఆటను చూద్దాం. ఇందులో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు ఉంటాయి, బల్ల మీద విడతలుగా తెరిచే అయిదు ముక్కలు అందరివీ. రెండూ కలిపి అయిదు ముక్కల మేలైన కూర్పు ఎవరిదో వారిదే గెలుపు. 839 మంది దిగిన ఆ పోటీలో చివరికి పదిమంది మిగిలిన దశలో ఫిల్ ఐవీ చేతిలో రెండు తొమ్మిదులు, క్రిస్ మనీమేకర్ చేతిలో ఒక ఆసు, ఒక రాణి ఉన్నాయి. బల్ల మీద తెరిచిన మొదటి మూడు ముక్కల్లో రెండు రాణులు, ఒక ఆరు వచ్చాయి కాబట్టి మూడు రాణులు కుదిరిన మనీమేకర్ చాలా ముందున్నాడు. వీరిద్దరి చేతుల్లోవి, బల్ల మీదవి పోగా మిగిలిన 45 ముక్కల్లో ఐవీని వెంటనే ముందుకు తీసుకురాగలిగినవి రెండు తొమ్మిదులు మాత్రమే. నాలుగో ముక్కగా తొమ్మిదే పడింది, ఐవీకి మూడు తొమ్మిదులు, రెండు రాణులతో ఫుల్ హౌస్ కుదిరింది, అది మూడు రాణుల కంటే పెద్దది. ఇప్పుడు ఇంకా పెద్ద కూర్పు ఇచ్చి మనీమేకర్‌ను గట్టెక్కించగలిగినవి మూడు ఆసులు, మూడు ఆరులు, ఒక రాణి. అంటే 44 ముక్కల్లో ఏడు, సుమారు 16 శాతం. అయిదో ముక్క ఆసు. ఐవీ పదో స్థానంతో వెళ్లిపోయాడు, మనీమేకర్ చివరిదాకా నిలిచి 25 లక్షల డాలర్లు గెలిచాడు.

ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఐవీకి జరిగిన అన్యాయంగానే చెప్పుకుంటారు. కానీ నాలుగో ముక్కగా తొమ్మిది పడే అవకాశం నాలుగున్నర శాతమైనా లేదు, అది ఐవీ పక్షానే పడింది. ఒకే ఆటలో అదృష్టం రెండుసార్లు పక్షం మార్చితే, మన జ్ఞాపకం రెండోదాన్ని మాత్రమే దాచుకుంది. మన సొంత ఓటముల విషయంలోనూ మనం చేసేది ఇదే.

దీన్ని అంకెల్లో చూడండి. మీరు వంద చిప్స్, అంటే పందెపు బిళ్లలు, ఎదుటివాడు వంద చిప్స్ పెట్టారు. ముక్కలు తెరిచేసరికి మీ గెలుపు అవకాశం 80 శాతం. రెండు ఆసులకు రెండు రాజులు ఎదురైనప్పుడు అవకాశం ఇంచుమించు ఇలాగే, 82 శాతం దాకా ఉంటుంది. ఆ క్షణాన రెండు వందల చిప్స్‌లో న్యాయంగా మీ వాటా 160. ఓడితే ఆ 160 పోయాయి, అది నిజమైన దురదృష్టం. గెలిచినప్పుడో? చేతికి రెండు వందలు వస్తాయి, అంటే మీ వాటా కంటే 40 ఎక్కువ. ఆ 40 కూడా అదృష్టమే, కానీ దాన్ని మనం ప్రతిభ ఖాతాలో రాసుకుంటాం. ఇలాంటి ఆటలు వంద ఆడి, అనుకున్నట్టే 80 గెలిచి 20 ఓడితే, అదనంగా వచ్చింది 80 నలభైలు, 3200. పోయింది 20 నూట అరవైలు, అదీ 3200. వచ్చేటప్పుడు చిల్లరగా వచ్చి, పోయేటప్పుడు నోట్లుగా పోతుంది కాబట్టే మనకు పోయిందే కనిపిస్తుంది. ఈ ఒక్క లెక్క మనసుకు పడితే, తనను విధి పగబట్టిందని ఆటగాడు నమ్మడం చాలావరకు తగ్గుతుందని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆ వందలో సరిగ్గా 20 ఓటములే వస్తాయన్న హామీ కూడా లేదు. 12 నుంచి 28 వరకు ఎన్ని వచ్చినా గణితం దృష్టిలో అది మామూలే. వరుసగా రెండుసార్లు ఓడిపోవడం 25లో ఒకసారి జరిగే విషయం, ఒక రాత్రిలో ఎవరికైనా రావచ్చు.

అయితే ప్రతి పెద్ద ఓటమీ బ్యాడ్ బీట్ కాదు. 2008 ప్రధాన పోటీలో మొతోయుకి మబుచి నాలుగు ఆసులతో ఉండగా జస్టిన్ ఫిలిప్స్‌కు అన్నిటికంటే పెద్ద కూర్పయిన రాయల్ ఫ్లష్ పడింది. నాలుగు ఆసులంత బలమైన ముక్కలను ఎవరూ వదులుకోరు కాబట్టి, మబుచి స్థానంలో ఎవరున్నా ఓడే తీరుతారు. దీన్ని కూలర్ అంటారు. మరికొన్ని ఓటములకు మన తప్పే కారణం, వాటికి దురదృష్టమని పేరు పెట్టుకుంటే నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది.

ఈ లెక్కను తప్పుగా వాడుకునే ప్రమాదం ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా వదలలేను. చివరికి అన్నీ సమానమవుతాయంటే, నిన్న పోయింది రేపు వస్తుందని కాదు. 1913లో మాంటీ కార్లో క్యాసినోలో రూలెట్ అనే ఆటలో, ఎరుపు, నలుపు గళ్లున్న చక్రం మీద తిరిగే గోళీ వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఈసారి ఎరుపు రాక తప్పదని పందెం కాసినవారంతా నష్టపోయారు. పేకకు నిన్నటి సంగతి గుర్తుండదు. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్ర ప్రభుత్వం 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను చట్టం ద్వారా నిషేధించాయి. పోయినదాన్ని రాబట్టుకోవాలని అప్పు చేసి ఆడుతున్నవారికి నేను చెప్పిన అంకెలేవీ పనికిరావు. వారికి కావలసింది ఆట మానడానికి తోడు. 14416 నంబరులో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వారితో ఉచితంగా మాట్లాడవచ్చు.

మిగిలినవారికి అసలు నష్టం ఓడిన ఆటలో కాదు, దాని తర్వాతి అరగంటలో జరుగుతుంది. ఒళ్లు వేడెక్కి, వదిలేయాల్సిన ముక్కలతో పందెం పెంచే ఆ స్థితిని టిల్ట్ అంటారు. అప్పుడు మనసును అదుపులో పెట్టుకుందామని కూర్చుని ప్రయత్నించడం కంటే బల్ల దగ్గర నుంచి లేవడం సులువు. ఎంత పోతే లేవాలో ఆటకు ముందే, ఒళ్లు చల్లగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి.

మర్నాడు ఆ ఆటను ఒక మిత్రుడికి చెప్పండి, కానీ చిప్స్ అన్నీ పెట్టిన చోట ఆపేయండి. చివరి ముక్క ఏమిటో, ఎవరు గెలిచారో చెప్పకండి. నీవైతే ఏం చేసేవాడివని అడగండి. అతను కూడా అన్నీ పెట్టేవాణ్ణంటే, ఆ ఆట గురించి మీరు మార్చుకోవలసిందేమీ లేదు. కాస్త ఆలోచించి వదిలేసేవాణ్ణంటే, ఎందుకో అడిగి రాసుకోండి.