వైల్డ్ రైస్ మచ్చ తెగులులో జన్యు వైవిధ్యం

అందరికీ నమస్కారం.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సుల్లోనూ మళ్లలోనూ పెరిగే వైల్డ్ రైస్‌ను గోధుమ మచ్చ తెగులు పీడిస్తోంది. ఈ మొక్క వరికి దూరపు చుట్టం. వరి ఒరైజా ప్రజాతికి చెందితే ఇది జిజానియా. వరికి 12 జతల క్రోమోజోములుంటే దీనికి 15 జతలు. ఇంత తేడా ఉన్నా రెండింటికీ మచ్చ తెగులు తెచ్చే శిలీంధ్రం ఒకటే, బైపోలారిస్ ఒరైజే. 1942లో బెంగాల్ వరిని దెబ్బతీసింది కూడా ఇదే.

అక్కడి మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు మనూమిన్ అని పిలుచుకునే ఈ గింజను తరతరాలుగా పడవల్లో వెళ్లి కర్రలతో దులిపి తెచ్చుకుంటున్నారు. 1950ల నుంచి మళ్లలో సాగు మొదలైంది. ఒత్తుగా పెరిగిన ఒకే పంట, ఆకుల మీద ఆరని తడి. తెగులుకు ఇంతకంటే ఏం కావాలి?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ శిలీంధ్రం సీజన్‌లో గాలిలోకి వదిలే సిద్ధబీజాలన్నీ (తెగులును వ్యాపింపజేసే సూక్ష్మ బీజాలు) తల్లికి నకళ్లే. అలాగని అది ఎప్పటికీ నకళ్లతోనే బతుకుతుందని అనుకోలేం. ఇందులో రెండు సంపర్క రకాలున్నాయి, ఆడ మగ లాంటివి అనుకోండి. రెండూ కలిస్తే జన్యువులు కొత్తగా కలగలుస్తాయి. ఆ కలయికలో పుట్టే ఫలనాంగాలు, అంటే బీజాలుండే చిన్న గుల్లలు, ల్యాబ్‌లో వస్తాయి గానీ, పొలంలో కనిపించడం చాలా అరుదు. అందుకే పరోక్షంగా వెతకాలి. ఒక్కో మచ్చ నుంచి ఒకే సిద్ధబీజాన్ని వేరుచేసి పెంచి, డీఎన్ఏ మార్కర్లు, అంటే ఒక నమూనాకూ మరోదానికీ తేడా చూపే డీఎన్ఏ గుర్తులు, చూడాలి. రెండు సంపర్క రకాలూ దాదాపు సమానంగా ఉండి, మార్కర్లు కూడా అన్ని విధాలా కలగలిసి ఉంటే, చాటుగా కలయిక జరుగుతోందని బలంగా అనుమానించాలి. ఒక సంపర్క రకమే ఎక్కువగా ఉంటే నకళ్లదే రాజ్యం. అయితే ఒకే మడిలో ఒకే నకలు పదిసార్లు దొరికితే దాన్ని ఒక్కటిగానే లెక్కించాలి. ఈ సవరణ చేయని లెక్కను నేను నమ్మను.

ఇదంతా ఎందుకంటే, నకళ్లే అయితే ఏ శిలీంధ్ర రకాలతో మొక్కలను పరీక్షించాలో మనకు తెలుస్తుంది. జన్యువులు కలగలుస్తుంటే మాత్రం ఈ ఏడాది తట్టుకున్న మొక్క వచ్చే ఏడాది కొత్త కలగలుపు ముందు నిలవకపోవచ్చు. ప్రోపికొనజోల్ వంటి శిలీంధ్రనాశక మందులకు లొంగని శిలీంధ్ర రకాలు పుట్టే ప్రమాదమూ ఉంది.

నాకు ఎక్కువ బెంగ కలిగించేది మొక్క సంగతి. శిలీంధ్రాన్ని ఫ్రీజర్‌లో ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. వైల్డ్ రైస్ విత్తనం ఎండితే చచ్చిపోతుంది. చల్లని నీళ్లలో ఉంచినా ఏడాది, రెండేళ్లకు మించి మొలకశక్తి నిలవడం కష్టం. అంటే మొక్కలోని వైవిధ్యం సరస్సుల్లో బతికి ఉంటేనే మనకు దక్కుతుంది.

కాబట్టి తెగులును తట్టుకునే మొక్క రకాలను ఒక్క పాత శిలీంధ్ర నమూనాతో పరీక్షించడం మానాలి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన నమూనాల మిశ్రమం వాడాలి, దాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి. సరస్సుల నుంచి కూడా నమూనాలు తీయాలి. ఒజిబ్వే తెగల సమ్మతి తీసుకున్నాకే ఆ నీళ్లలోకి దిగాలి. ఈ మొక్క జన్యువులపై జరిగే పరిశోధన గురించి వాళ్లకు చాలాకాలంగా అభ్యంతరాలున్నాయి. వాటిని ముందే వినాలి.