సెకండ్ హ్యాండ్ పల్సర్ ముందు చక్రం వంకర: లేజర్ కిట్ పనికొచ్చిందా? పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది బైక్ వీల్ అలైన్‌మెంట్ చూసే లేజర్ కిట్. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. బాక్సులో ఏమేం వస్తాయి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. పాత బండికి ముందు చక్రం వంకరగా ఉంటే, ఆ వంకర ఎక్కడుందో ఇది చెప్తుందా?

టెస్టుకి మా బావమరిది కొన్న పల్సర్ 150 తెచ్చాను. బండి నేరుగా పోతుంటే హ్యాండిల్ మాత్రం కాస్త ఎడమకు తిరిగి ఉంటోంది. క్లచ్ లివర్ చివర గీతలు, ఎడమ ఫుట్‌రెస్ట్ అరుగుదల చూస్తే పాత ఓనరు చేతిలో ఒకసారి పడిందని తెలిసిపోతుంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చూసి, "చాసిస్ అవుట్ అయింది తమ్ముడూ, అమ్మేసుకో" అన్నాడట. అప్పటి నుంచి వాడికి ఒకటే టెన్షన్.

కిట్ సంగతి చూద్దాం. దీని క్లాంపు వెనుక టైరు పక్కగోడకు ఆనించి బిగించాలి. అక్కడి నుంచి లేజర్ గీత ముందు చక్రం దాకా పడుతుంది. తయారీ బాగుంది, స్క్రూలు గట్టివి, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ ఆనించే చోటు చూడండి, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా తమ్ముడూ. టైరు పక్కగోడ మీద కంపెనీ పేరు, సైజు, బాణం గుర్తు, అన్నీ ఉబ్బెత్తుగా ఉంటాయి కదా! క్లాంపు ఒక కాలు అక్షరం మీద, ఇంకో కాలు ఖాళీ రబ్బరు మీద పడిందంటే అక్కడే లెక్క తప్పింది. రెండు కాళ్ల మధ్య దూరం సుమారు 400 మి.మీ. అక్కడ 1 మి.మీ. ఎత్తు తేడా వస్తే, 1.3 మీటర్ల అవతల ముందు చక్రం దగ్గర అది 3 మి.మీ. దాటుతుంది. మనం వెతుకుతున్న వంకరే అంత ఉంటుంది! చక్రాన్ని కొంచెం తిప్పి మళ్లీ బిగిస్తే ఇంకో రీడింగ్, మళ్లీ తిప్పితే మరొకటి. నిజంగా ఒళ్లు మండింది. రబ్బరు మీద కాకుండా రిమ్ అంచు మీద ఆనేలా చేసి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది. పైగా పగటి ఎండలో గీత కనిపించదు, షెడ్డులోకి తోసుకెళ్లాలి.

ఇంతకు ముందు నా దగ్గర చైన్ స్ప్రాకెట్‌కి తగిలించే చిన్న లేజర్ ఉండేది. అది చైన్ లైన్ ఒక్కటే చూపిస్తుంది, ముందు చక్రం జోలికి పోదు. ఆ తర్వాత కిటికీలు చేసే షాపులో రెండు పొడవాటి అల్యూమినియం చానెళ్లు కొన్నాను. అవి బాగా పనిచేశాయి, దాచుకోవడానికే చోటు లేదు. చివరికి నేను స్థిరపడింది తాపీమేస్త్రీలు వాడే నైలాన్ దారం దగ్గర. పక్కన పెట్టి చూపిస్తాను, మీరే చూడండి.

సెంటర్ స్టాండ్ వేసి, దారాన్ని వెనుక టైరు వెనక నుంచి రెండు పక్కలా ముందుకు లాగాలి. స్టాండుకీ సైలెన్సర్‌కీ తగలని ఎత్తు చూసుకోండి. ముందు చక్రం దాటాక రెండు ఇటుకలకు కట్టి, దారం వెనుక టైరు ముందు అంచుకు తగిలీ తగలనట్టు వచ్చేదాకా ఇటుకలు జరపండి. ఈ బండికి వెనుక టైరు 100 సెక్షన్, అంటే వెడల్పు 100 మి.మీ., ముందు టైరు 80. తేడా 20, అంటే ముందు టైరుకి చెరోపక్క 10 మి.మీ. ఖాళీ ఉండాలి. టైరు బ్రాండును బట్టి వెడల్పు కొంచెం మారుతుంది, వెడల్పు కచ్చితంగా కొలిచే వెర్నియర్‌తో కొలుచుకుంటే మంచిది.

మాకు ఎడమ 13, కుడి 7 వచ్చింది. ఇక్కడ చాలామంది ముందు చక్రాన్ని తిట్టడం మొదలుపెడతారు. ఆగండి, ముందు వెనుక చక్రం చూడాలి. చైన్ అడ్జస్టర్ గీతలను నమ్మొద్దు. వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ని ఫ్రేముకి కలిపే పివట్ బోల్టు నుంచి యాక్సిల్ (చక్రం ఇరుసు) దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. దీనికి తేడా ఉంది. సరిచేసి మళ్లీ దారం కడితే రెండు పక్కలా దాదాపు 10 వచ్చింది. అంటే రెండు చక్రాలూ ఒకే గాడిలో ఉన్నాయి. వెనక నుంచి చూస్తే ముందు చక్రం ఏ పక్కకూ ఒరిగి లేదు. "చాసిస్ అవుట్" అన్న మాటకు ఇక ఆధారం కనిపించలేదు.

అయినా చక్రాన్ని దారానికి సమానంగా పెడితే హ్యాండిల్ ఎడమకే ఉంది. హ్యాండిల్ పైపు వంగినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి కింది టీ, అంటే హ్యాండిల్ కింద రెండు ఫోర్క్ రాడ్లనూ పట్టి ఉంచే అడ్డ బిగింపు, అది చూడండి. అది కూడా తిరిగి ఉంది. అంటే తేడా టీకి, చక్రానికి మధ్యలో ఉంది. ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన టెస్టు. ఫొటో ఫ్రేము అద్దం ముక్క, అంచులు రుద్దినది, కింది టీ కింద రెండు ఫోర్క్ రాడ్ల మీద అడ్డంగా ఆనించండి. రాడ్లు సమానంగా ఉంటే అద్దం కదలదు. ఇక్కడ మూల నొక్కితే టక్ టక్‌మని ఊగుతోంది, వినిపించిందా? రాడ్లు టీలో మెలి తిరిగాయి.

ముందు భాగం లేపి యాక్సిల్, మడ్‌గార్డ్ బోల్టులు, కింది టీ బోల్టులు వదులు చేశాం. పూర్తిగా తీయకూడదు, రాడ్ జారుతుంది. చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి, బండి దింపి, బ్రేక్ పట్టి ఫోర్కుని బాగా నొక్కి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించాం. మడ్‌గార్డ్ బోల్టులు మర్చిపోవద్దు, వంగిన మడ్‌గార్డ్ బ్రాకెట్టే రాడ్లను మళ్లీ మెలితిప్పుతుంది. ఇప్పుడు అద్దం చూడండి, కదలడం లేదు. హ్యాండిల్ నేరుగా వచ్చింది.

కొనేముందు ఇంకో రెండు చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆపే స్టాపరు నొక్కుకుపోయి ఉంటే, ట్యాంకు ముందు స్టీరింగ్ మెడ దగ్గర పెయింట్ ముడతపడి ఉంటే, ఆ బండి గట్టిగానే గుద్దుకుంది, వదిలేయండి. చక్రం లేపి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయింది. అది వంకర కాదు, మార్చుకుంటే సరిపోతుంది. అమ్మేవాళ్లు "చేతులు వదిలి నడిపి చూడండి" అంటారు, దయచేసి ఆ పని చేయొద్దు. కోన్ సెట్ పోయిన బండి ఊగి పడేస్తుంది.

కిట్ మీద నా మాట: రోజూ బళ్లు చూసే షెడ్డులో, రిమ్‌కి ఆనించే అడాప్టర్ వస్తే, అప్పుడు కొనమంటాను. ఇంట్లో ఒక బండి చూసుకునేవాళ్లు కొనొద్దు. దారం, అద్దం ముక్క, టేపు చాలు. మీ బండికి దారం కట్టి చూసి, రెండు టైర్ల సైజులు, ఎడమ కుడి ఖాళీలు కామెంట్‌లో రాయండి. ఒక్కొక్కటీ చదివి జవాబిస్తాను.