పాత ఫోర్ వీల్ జీపుకు మేస్త్రీని వెతికేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

పాత ఫోర్ వీల్ జీపు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు, ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు తొందరలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. దీన్ని ఎవరి చేతిలో పెట్టాలి? మన దగ్గర జీపు మేస్త్రీలకు కొదవ లేదు. పాడేరు, చింతపల్లి, రంపచోడవరం వైపు ఘాట్ రోడ్ల మీద కమాండర్ జీపులు ఏళ్ల తరబడి జనాన్ని మోశాయి. వాటిని చూసుకున్న మేస్త్రీలకు డీజిల్ ఇంజనూ, క్లచ్చూ, గేర్‌బాక్సూ కొట్టిన పిండి. అయితే ఆ బండ్లలో చాలావాటికి ఇంజను బలం వెనక చక్రాలకే వెళ్తుంది, ముందు ఇరుసులో గేర్లుండవు. అందుకని ముప్పై ఏళ్లు జీపులు బాగుచేసిన చెయ్యి కూడా ఫోర్ వీల్ ముందు ఇరుసును ఒక్కసారీ విప్పి ఉండకపోవచ్చు. మనం వెతకాల్సింది ఆ ముందు ఇరుసు, ఇంజను బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తెలిసిన మనిషిని.

వెతకడానికి బయల్దేరే ముందు మన బండి కింద ఏముందో మనకు తెలియాలి. చేతులు మారుతూ వచ్చిన జీపుకు ముందు ఇరుసు ఒక బండిదీ, వెనకది ఇంకో బండిదీ ఉండటం కొత్త కాదు. పాత సీజే మోడల్ జీపుల్లో 8/43 క్రౌన్ పినియన్ కనిపిస్తుంది. షాఫ్టు తిప్పుడును ఇరుసులో చక్రాలవైపు మళ్లించే పళ్ల చక్రాల జంట ఇది. పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43, అంటే నిష్పత్తి 5.38. 11/41 అయితే 3.73. ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటే ఫోర్ వీల్ వేయగానే చక్రాలు ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి. లివరు బిగుసుకుపోతుంది, జాయింట్ క్రాసులు విరుగుతాయి, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు దెబ్బతింటాయి.

దీన్ని ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. చదునైన నేల మీద, గేరు న్యూట్రల్‌లో, లివరుతో ఫోర్ వీల్ తప్పించి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపండి. టైరు మీదా, ఇరుసుకు బలం తెచ్చే పొడుగు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా సుద్దముక్కతో గీత పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు తిరిగితే 8/43. నాలుగు చుట్లకు కాస్త తక్కువైతే 11/41. ముందు ఇరుసుకూ ఇలాగే చూడండి. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్ లాకులుంటే అవి వేసి ఉండాలి.

ఇక్కడొక జాగ్రత్త. చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్ట్ మీద పనిచేస్తుంది. వెనక ఒక చక్రం గాల్లో ఉంటే ఆ బ్రేకు బండిని ఆపలేదు. రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ గుండా నేల మీదున్న చక్రం తిరిగిపోతుంది. అందుకని మిగిలిన చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టకుండా జాకీ ముట్టుకోకండి.

ఇక మేస్త్రీ సంగతి. బోర్డులు చూసి వెతకడం కన్నా స్పేర్ పార్టుల కౌంటర్లో అడగడం మేలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత జీపు సామాను అమ్మే కొట్టుకు వెళ్లి, "కింగ్‌పిన్ బేరింగులు, నకిల్ సీళ్లు మీ దగ్గర ఎవరు పట్టుకెళ్తుంటారండీ?" అని అడగండి. నకిల్ అంటే ముందు చక్రం పక్కకు తిరిగే కీలు, కింగ్‌పిన్ అంటే అది తిరిగే పిన్ను. ఆ సామాను కొనేవాడే ఆ పని చేసేవాడు. ఇంకో దారి, ప్రభుత్వ బండ్ల మీద చెయ్యి తిరిగిన రిటైరైనవాళ్లు. పోలీసు మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగం, అటవీశాఖ, సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం. సికింద్రాబాద్‌లో ఈఎంఈ శిక్షణ కేంద్రాలున్నాయి కాబట్టి ఆ చుట్టుపక్కల విచారిస్తే ఫలితం ఉంటుంది.

మనిషి దొరికాక ఆయన పనితీరు చూడటానికి ఒక్క సమస్య చాలు. గంటకు 40, 50 కిలోమీటర్ల దగ్గర గుంతలో పడగానే స్టీరింగ్ గడగడ కొట్టుకోవడం. ఇది వినగానే చక్రాలు బ్యాలెన్స్ చేయించమని, స్టీరింగ్ అదురును అణిచే డ్యాంపర్ వేద్దామని అంటే తొందరపడుతున్నట్టే. డ్యాంపర్ జబ్బును కప్పిపెడుతుంది, తీసెయ్యదు. తెలిసినవాడు ముందు చక్రాన్ని లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. ఆట, అంటే వదులు, కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపుతాడు. బ్రేకు తొక్కగానే ఆట పోయిందా, అది చక్రం బేరింగు. బ్రేకు తొక్కినా ఆట ఉందా, అది కింగ్‌పిన్.

కింగ్‌పిన్ బిగుతును షిమ్ములతో సరిచేస్తారు. నకిల్ మూతల కింద కాగితంలాంటి లోహపు రేకులుంటాయి. 0.003, 0.005, 0.010, 0.030 అంగుళాల మందంలో దొరుకుతాయి. పైనా కిందా సమానంగా తీయాలి. ఒక్క పైనుంచే తీస్తే లోపలి జాయింటు మధ్యకు కాకుండా ఓ పక్కకు కూర్చుని త్వరగా అరిగిపోతుంది. ఈ జీపుల అసలు తయారీదారు విల్లీస్ లెక్క ప్రకారం, సీలు తీసి, ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ ఊడదీసి, ఆర్మ్ రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే 12 నుంచి 16 పౌండ్లకు, అంటే 5.5 నుంచి 7 కిలోలకు, నకిల్ కదలాలి. చేతి అంచనాతో బిగించే మేస్త్రీ మంచివాడే కావచ్చు. కానీ త్రాసు బయటికి తీసినవాడు దొరికితే వదులుకోకండి.

నకిల్ నుంచి టైరు లోపలివైపుకు నూనె కారుతుంటే బయటి వైపర్ సీలు ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. లోపల యాక్సిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ ఆయిలు నకిల్లోకి వచ్చి గ్రీజును పల్చన చేస్తుంది. అది బయటికి కారుతుంది, బ్రేకు లైనర్లకూ అంటుతుంది. రెండు సీళ్లూ మార్చాల్సిందే.

క్రౌన్ పినియన్ విప్పుతానంటే సన్నని తేడాలు కొలిచే డయల్ గేజ్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. పళ్ల మధ్య ఖాళీ సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అంత సన్నని తేడా వేలికి తెలియదు. పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడుతుందో చూడాలి. క్రౌను, పినియను జంటగానే కొనాలి. పాతదానికి కొత్తది జోడిస్తే కొద్ది రోజుల్లోనే ఊళ వినిపిస్తుంది.

అన్ని పనులూ ఒకే మేస్త్రీ చేయాలని పట్టుబట్టొద్దు. డీజిల్ పంపు టెస్ట్ బెంచి ఉన్న షాపులోనే కాలిబ్రేట్ కావాలి. మైకో అని మన మేస్త్రీలు ఇప్పటికీ పిలిచే కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది. ఆ సామాను తెలిసిన డీజిల్ షాపులు జిల్లా కేంద్రాల్లో ఉంటాయి. కమాన్ పట్టీలది ఇంకో షాపు, లేత్ పని ఇంకో చోట. ఎవరి దగ్గరికి ఏది పంపాలో తెలియడం కూడా మేస్త్రీ పనితనంలో భాగమే.

మారుతి జిప్సీ ఉన్నవాళ్లకు దారి వేరు. 1985లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది, 1996లో 1.3 లీటరు అయింది, 2000లో పెట్రోలును ఇంజెక్టర్లతో పంపే ఎంపీఎఫ్ఐ వచ్చింది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు దూరంగా విడిగా ఉంటుంది, మధ్యలో పొట్టి షాఫ్టు. అదురు వస్తే ముందు ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు మౌంట్లు చూడాలి.

ఇంజను మార్చేద్దామని ఎవరైనా అంటే ముందు ఆర్టీఓ అనుమతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. ఆర్‌సీలో ఇంజను నంబరు కలవకపోతే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది.

మొదట చిన్న పని ఇవ్వండి, నకిల్ సీళ్లో, బ్రేకులో. కూలీ, సామాను లెక్క విడివిడిగా రాయించుకోండి, తీసిన పాత సామాను వెనక్కి అడగండి. పని అయ్యాక ఫోర్ వీల్‌ను తారు రోడ్డు మీద పరీక్షించకండి. ఈ బండ్లలో ముందు వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో అంతా బిగుసుకుపోతుంది. మట్టి నేల మీద ఫోర్ వీల్ హై గేరు వేసి చూడండి, బండి ఆపి లో గేరు వేసి చూడండి. ఓ 50 కిలోమీటర్లు నడిపాక నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టండి. ఒకటి మాత్రం మిగతావాటికంటే కాలుతుంటే ఆ బేరింగు ఎక్కువ బిగిసింది, లేదా ఆ బ్రేకు పట్టేసింది. 500 కిలోమీటర్ల తర్వాత కమాన్ల యూ బోల్టులు, స్టీరింగ్ ఆర్మ్ బోల్టులు మళ్లీ బిగించి, చక్రం లేపి ఆట ఇంకోసారి చూడమనండి.